బత్తి వెలుగుతోంది, నీళ్లు లేవు

మే నెలలో ఒక ఆదివారం పొద్దున ఆరున్నరకు మా వాచ్‌మన్ వచ్చి తలుపు కొట్టాడు. "సారూ, డబ్బాల పచ్చ బత్తి ఎలుగుతనే ఉంది. ట్యాంకిల మాత్రం సుక్క నీళ్లు లెవ్వు" అన్నాడు.

హుజూర్‌నగర్‌లో మాది ఐదంతస్తుల బిల్డింగు, ఇరవై ఇళ్లు. రెండేళ్ల కింద అందరం తలా కొంత వేసుకుని ట్యాంకులో నీటిమట్టం చూసే సెన్సర్లు, మోటారును దానంతటదే నడిపే కంట్రోలర్, కరెంటు పోగానే జనరేటర్‌ను నడిపించే ప్యానెల్, మెట్ల దగ్గర పొగను పసిగట్టే పరికరాలు పెట్టించాం. అన్నీ ఫోనులో కనిపిస్తాయి. ఆ పొద్దున ఫోను తెరిస్తే అది కూడా ట్యాంకు నిండుగా ఉందనే చెప్పింది.

ఇద్దరం మేడ మీదికి పోయి మూత తీశాం. అడుగున బెత్తెడు బురద నీళ్లు. పైనుంచి వేలాడుతున్న సెన్సర్‌ను బయటికి లాగితే మూడు స్టీలు కడ్డీలు వచ్చాయి. వాటిని పట్టి ఉంచే ప్లాస్టిక్ దిమ్మె కింద తెల్లటి పొర పేరుకుంది. గోటితో గీకితే రాలదు. ఒక కడ్డీ నుంచి ఇంకో కడ్డీ దాకా వంతెన కట్టినట్టు పాకింది. ఈ రకం సెన్సర్ పనిచేసే తీరు చాలా తేలిక. నీళ్లు పైదాకా వస్తే రెండు కడ్డీల మధ్య సన్నగా కరెంటు పారుతుంది. పారితే నిండినట్టు, పారకపోతే తగ్గినట్టు. ఇప్పుడు ఆ తడి పొర గుండానే కరెంటు పారుతోంది. ట్యాంకు ఎండినా కంట్రోలర్ లెక్కలో నిండుగానే ఉంది. గరుకు కాగితంతో ఐదు నిమిషాలు రుద్దాక కింద మోటారు అందుకున్న చప్పుడు వినబడింది.

మోటారు కాలిపోలేదు. కరెంటు పోలేదు. బోరు ఎండలేదు. కంట్రోలర్ తనకు నేర్పిన పని తు.చ. తప్పకుండా చేసింది. అయినా ఇరవై ఇళ్లకు నీళ్లు లేవు. స్మార్ట్ బిల్డింగుల విశ్వసనీయతను లెక్కకట్టే శాస్త్రం ఇలాంటి పొద్దుల గురించే. ఏ వస్తువు ఎప్పుడు పాడవుతుందో జోస్యం చెప్పడం దాని పని కాదు. పాడైన సంగతి మనకు ఎంతసేపటికి తెలుస్తుంది, తెలిశాక ఎంతసేపట్లో బాగుచేస్తాం అన్నవి కూడా లెక్కలోకి తెచ్చి, ఏడాదిలో ఎన్ని రోజులు ఆ ఏర్పాటు మనకు పనికొస్తుందో చెప్పడం దాని పని.

ఆ తెల్ల పొర గురించి ఒక మాట. మన నేల కింద సున్నపురాయి ఉంది. ఆ రాయి కోసమే మేళ్లచెరువు, మఠంపల్లి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. ఆ సున్నమే బోరు నీళ్లలో కరిగి గీజర్‌లో, కుళాయి జల్లెడలో, సెన్సర్ కడ్డీ మీద తేలుతుంది. డబ్బా మీద రాసిన ఆయుష్షు మన బోరు నీళ్లలో, మన మే నెల ఎండలో చూసి రాసింది కాదు. సాధారణంగా 25 డిగ్రీల గది వేడిలో లెక్క చూస్తారు. సీసం బ్యాటరీ ఆ వేడికి మించి పది డిగ్రీలు ఎక్కువ ఉన్నచోట పనిచేస్తే ఆయుష్షు సుమారు సగమవుతుందని ఇంజినీర్లు మోటుగా లెక్క వేసుకుంటారు. రేకుల షెడ్డులో ఉన్న మా జనరేటర్ బ్యాటరీకి ఈ లెక్క ఎలా వర్తిస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి లెక్క ఎవరికి వారు, ఎక్కడికక్కడ వేసుకోవాల్సిందే.

మొదటి లెక్క గుణకారం. ట్యాంకులో నీళ్లు పడాలంటే కరెంటు, సెన్సర్, కంట్రోలర్, స్టార్టర్, మోటారు, పైపు ఆరూ పనిచేయాలి. ఒక్కోటి నూటికి 99 పాళ్లు నమ్మదగినదే అనుకుందాం. ఆరూ ఒకేసారి బాగుండే అవకాశం 0.99ని ఆరుసార్లు గుణిస్తే వస్తుంది. అది 0.94. అంటే ఏడాదిలో సుమారు 21 రోజులు ఏదో ఒకటి మొరాయిస్తుంది. దీన్ని వరుస అమరిక అంటారు. గొలుసులో ఒక్క లంకె తెగితే గొలుసే తెగినట్టు. స్మార్ట్ పరికరాలు తగిలించే కొద్దీ లంకెలు పెరుగుతాయి. చేతితో స్విచ్చి వేసిన కాలంలో సెన్సర్, కంట్రోలర్ అనే రెండు లంకెలు లేవు. వాటి బదులు వాచ్‌మన్ కళ్లు ఉండేవి. స్మార్ట్ పరికరం వద్దని నేననను. నీళ్లు పొర్లిపోవడం ఆగింది, అర్ధరాత్రి ఎవరూ లేవాల్సిన పని తప్పింది. కానీ కొత్త లంకె తెచ్చుకున్నప్పుడు దాని బాగోగులు చూసే మనిషిని, రోజును కూడా తెచ్చుకోవాలి.

రెండో లెక్క నాకు మరీ ఇష్టం, దాని ఫలితం చేతిలోకి తీసుకోవచ్చు గనుక. మా బోరు మోటారు సగటున 180 రోజులకోసారి కాలిపోతుందనుకుందాం. బయటికి తీయించి, వైండింగ్ షాపులో ఇచ్చి, మళ్లీ దింపడానికి మూడు రోజులు. అప్పుడు దాని లభ్యత, అంటే పనికొచ్చే కాలం వాటా, 180ని 183తో భాగిస్తే వచ్చేది: నూటికి 98.4. దీన్ని పెంచడానికి రెండు దార్లు. ఒకటి, రెట్టింపు కాలం నడిచే ఖరీదైన మోటారు కొనడం. అప్పుడు 360ని 363తో భాగించాలి, 99.2 వస్తుంది. రెండోది, పాత మోటారుతోనే ఉండి మరమ్మతు కాలాన్ని ఒకటిన్నర రోజుకు తగ్గించడం. 180ని 181.5తో భాగించండి. అదే 99.2. మోటారు ఆయుష్షును రెట్టింపు చేయడం, బాగుచేసే సమయాన్ని సగం చేయడం లభ్యత లెక్కలో సరిగ్గా ఒక్కటే. అదనపు మోటారు ఒకటి సిద్ధంగా ఉంచుకుని, పిలిస్తే వచ్చే మేస్త్రీతో మూడు గంటల్లో మార్పించుకుంటే 99.9 దాటుతుంది. మేలురకం మోటారుకు పెట్టే ఖర్చు గురించి మీటింగులో గంటసేపు మాట్లాడుకునే మనం మేస్త్రీ ఎంత త్వరగా వస్తాడన్నది ఎన్నడూ లెక్కలోకి తీసుకోం.

అయితే రెండు మోటార్లు పెడితే సరిపోదా? ఒక్కోటి నూటికి 90 పాళ్లు నమ్మదగినదైతే రెండూ ఒకేసారి పాడయ్యే అవకాశం పదోవంతులో పదోవంతు, అంటే నూటికి ఒకటి. కాగితం మీద లభ్యత 99కి ఎక్కుతుంది. ఈ లెక్క ఒక్క షరతు మీద నిలబడింది: ఒకటి పాడవడానికీ రెండోది పాడవడానికీ సంబంధం ఉండకూడదు. ఈ షరతు ఎంత సులువుగా కూలిపోతుందో తెలంగాణ రైతుకు చెప్పనక్కర్లేదు. పొలాలకు కరెంటు విడతలుగా, వేళాపాళా లేకుండా వచ్చిన రోజుల్లో రైతులు మోటార్లకు ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే అందుకుంటుంది. చీకట్లో పామును తొక్కే భయం తప్పింది, నిద్ర మిగిలింది. ఒక్కో రైతు పరంగా చూస్తే అది చక్కటి ఆటోమేషన్. కానీ ఊరంతటి మోటార్లూ ఒకే సెకనులో లేచేవి. మోటారు లేచే క్షణంలో లాగే కరెంటు నడిచేటప్పటి కరెంటుకు ఐదారు రెట్లుంటుంది. వోల్టేజీ పడిపోయేది, ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడేది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందంటే దాని కింద ఎన్ని మోటార్లున్నా అన్నీ ఆగినట్టే. దీన్ని ఉమ్మడి కారణ వైఫల్యం అంటారు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే ప్రచారం చేసింది. ఆ ప్రచారానికి ముఖ్య కారణం భూగర్భ జలం అడుగంటుతుందన్న భయం. అదీ ఉమ్మడి సొత్తే. అందుకే మా బిల్డింగులో రెండో మోటారు పెడదామన్నప్పుడు నేనడిగిన మొదటి ప్రశ్న, అదీ ఇదే బోరులోనా, ఇదే స్టార్టర్ మీదనా అని.

ఇక్కడి నుంచి కృష్ణ ఒడ్డుకు పోదాం. మన హుజూర్‌నగర్ ప్రాంతానికి ఆనుకునే పులిచింతల జలాశయం ఉంది. దానికి 24 గేట్లు. 2021 ఆగస్టు 5 తెల్లవారుజామున 16వ నంబరు గేటు విరిగి కొట్టుకుపోయింది. మిగతా 23 గేట్లు నిలబడ్డాయి. అయినా ఆ ఖాళీకి అడ్డంగా తాత్కాలిక గేటు దించాలంటే నిలవున్న నీటిని ముందు కిందికి వదలాల్సి వచ్చింది. మూడేళ్ల తర్వాత, 2024 ఆగస్టు 10 రాత్రి, తుంగభద్ర డ్యాములో 19వ గేటు గొలుసు తెగి ఇదే కథ జరిగింది.

విశ్వసనీయత పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. వరద వచ్చినప్పుడు గేట్ల పని తెరుచుకోవడం. ఒకటి మొరాయించినా మిగతావి వదులుతాయి, కాబట్టి ఆ పనికి 24 గేట్లూ ఒకదానికొకటి తోడు. వరద తీశాక వాటి పని మూసుకుని ఉండటం. ఆ పనికి 24లో ఒక్కటి పోయినా నీరు పోతుంది, కాబట్టి అవి వరుస గొలుసు. గేట్లు అవే, పని మారింది, లెక్క తలకిందులైంది. ఒక ఏర్పాటు ఎంత నమ్మదగింది అన్న ప్రశ్నకు దేనికి అని ఎదురు ప్రశ్న వేయకుండా జవాబు ఉండదు. బిల్డింగు తలుపులకు అయస్కాంత తాళాలు పెట్టేటప్పుడు ఇదే తేలాలి. కరెంటు పోతే తలుపు తెరుచుకోవాలా, బిగుసుకోవాలా? దొంగ కోసమైతే బిగుసుకోవాలి, మంటల కోసమైతే తెరుచుకోవాలి. జనం తిరిగే దారిలో రెండో జవాబు తప్ప ఇంకోటి ఒప్పుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

మళ్లీ పచ్చ బత్తి దగ్గరికి వద్దాం. మోటారు కాలితే చప్పుడు ఆగుతుంది, వాసన వస్తుంది, వెంటనే తెలుస్తుంది. సెన్సర్ చచ్చిపోతే ఏమీ తెలియదు. దానితో అవసరం పడిన రోజే తెలుస్తుంది. దీన్ని దాగిన వైఫల్యం అనవచ్చు. నీళ్లకైతే పూట ఇబ్బంది. పొగ పసిగట్టే పరికరానికైతే ప్రాణాలు. దీని లెక్క చిన్నదే. పరికరం సగటున పదేళ్లకోసారి చచ్చిపోతుందనుకుందాం. ఏడాదికోసారి పరీక్షిస్తే, మధ్యలో ఎప్పుడు చచ్చినా సగటున ఆరు నెలలు ఆ సంగతి దాగి ఉంటుంది. అంటే ఏ క్షణాన చూసినా అది చచ్చి ఉండే అవకాశం నూటికి 5. నెలకోసారి పరీక్షిస్తే అదే అవకాశం నూటికి అరపాలు కూడా ఉండదు, 0.4. బిగించి అలా వదిలేస్తే పదో ఏట అది పలకని అవకాశం నూటికి 63. పరికరం అదే, ధర అదే, గోడ అదే. మారిందల్లా నెలకోసారి నిచ్చెన వేసి బొత్తాం నొక్కిన మనిషి. మా ఐదంతస్తులకు ఆ పని ఇరవై నిమిషాలు పడుతుంది.

మరి అన్నిటినీ తరచూ విప్పి, తుడిచి, మార్చేస్తే? ఇది కూడా తప్పేనని రెండో ప్రపంచయుద్ధంలో తేలింది. బ్రిటిష్ వైమానిక దళం కోస్టల్ కమాండ్‌లో పనిచేసిన జీవశాస్త్రవేత్త వాడింగ్టన్ విమానాల మరమ్మతు రికార్డులు తిరగేశాడు. ప్రతి 50 గంటల ప్రయాణం తర్వాత నియమంగా తనిఖీ చేసేవాళ్లు. తనిఖీ తర్వాత లోపాలు తగ్గాలి కదా. తనిఖీ ముగిసిన వెంటనే పెరిగి, తర్వాత మెల్లగా తగ్గుతున్నాయి. బాగున్నదాన్ని విప్పడమే పాడు చేస్తోంది. 1978లో నౌలన్, హీప్ అనే ఇద్దరు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజినీర్లు విమాన భాగాల తీరును ఒక నివేదికగా వెలువరించారు. అంతవరకూ పుస్తకాలు చెప్పిందేమంటే, వస్తువు కొత్తలో కొన్ని లోపాలు, నడివయసులో నిలకడ, ముసలితనంలో మళ్లీ లోపాలు. గీత గీస్తే స్నానపు తొట్టిలా ఉంటుంది. వాళ్లు చూసిన భాగాల్లో సరిగ్గా తొట్టి ఆకారానికి సరిపోయినవి నూటికి నాలుగే. వయసు పెరిగే కొద్దీ అరుగుదల కనిపించినవి మొత్తమ్మీద 11. మిగతా 89 పాళ్ల భాగాలకు, ఇన్నేళ్లయింది కనుక మార్చేయాలి అన్న నియమానికి ఆధారమే లేదు. ఎలక్ట్రానిక్ డబ్బాలు ఎక్కువగా ఈ కోవలోవే. లిఫ్టు తాడు, మోటారు బేరింగు లాంటివి వేరు, అవి అరుగుతాయి, వాటికి గడువు పెట్టాల్సిందే. ఏది ఏ కోవలోదో విడదీయడం నిర్వహణలో సగం పని.

అరిగే వస్తువుకు చక్కగా కుదిరే నమూనా ఒకటుంది. రష్యా గణితవేత్త మార్కోవ్ 1906లో మొదలుపెట్టిన ఆలోచన అది, ఆయన పేరు మీదే మార్కోవ్ గొలుసు అంటారు. వస్తువు కథంతా అక్కర్లేదు, ఇప్పుడు ఏ స్థితిలో ఉందో తెలిస్తే రేపటి అవకాశం చెప్పవచ్చు. మా జనరేటర్ బ్యాటరీకి మూడు స్థితులు పెట్టాను: బాగుంది, నీరసించింది, చచ్చింది. బాగున్నది నెలలో నీరసించే అవకాశం నూటికి 10, నీరసించింది నెలలో చచ్చే అవకాశం 20 అనుకుందాం. ఎవరూ ముట్టకపోతే అది సగటున పది నెలలు బాగుండి, ఐదు నెలలు ఈడ్చి, పదిహేనో నెలకు పోతుంది. పోయిన సంగతి కరెంటు పోయి లిఫ్టులో ఎవరో ఇరుక్కున్నప్పుడు తెలుస్తుంది. ఇప్పుడు నెలకోసారి జనరేటర్ స్టార్ట్ చేసి వోల్టేజీ చూస్తామనుకుందాం. నీరసాన్ని పదిలో తొమ్మిదిసార్లు కనిపెడితే చాలు, నీరసించిన వంద బ్యాటరీల్లో మన కళ్లు గప్పి చచ్చేవి రెండు. మిగతా 98 ముందే మారిపోతాయి. ఫోనులో రంగురంగుల గీతలు చూపించే పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్లు కొన్నిటి లోపల కూడా జరిగేది ఇలాంటి పనే, స్థితులు ఎక్కువ ఉంటాయంతే.

ఇలాంటి నమూనా నిజమో కాదో తేల్చాలంటే కొలిచి చూడాలి. హైదరాబాద్ పక్కన పోచారంలో ఇన్ఫోసిస్ 2011లో వాడుకలోకి తెచ్చిన ఒక భవనాన్ని అందుకే మెచ్చుకోవాలి. దాన్ని ఒకేలాంటి రెండు సగాలుగా కట్టారు. ఒక సగంలో మామూలుగా చల్లగాలి తోలే ఏసీ, రెండో సగంలో స్లాబులో పూడ్చిన గొట్టాల గుండా చల్లటి నీరు పారించే పద్ధతి. రెంటికీ విడివిడిగా మీటర్లు పెట్టి చూస్తే రెండో సగం దాదాపు మూడోవంతు తక్కువ కరెంటు తీసుకుంది. అందరూ ఇక్కడితో ఆగిపోతారు. నాకు కనబడే సంగతి ఇంకోటి ఉంది. స్లాబులోని గొట్టానికి తిరిగే భాగం లేదు, అరిగేదీ లేదు. కానీ గదిలో తేమ పెరిగినప్పుడు నీటిని మరీ చల్లబరిస్తే, చెంబు మీద చెమట పట్టినట్టు, పైకప్పుకు నీరు పడుతుంది. అలా పట్టకుండా కాపాడేది తేమను కొలిచే సెన్సర్. ఫ్యాన్ల భారం తగ్గింది, సెన్సర్ నిజం చెప్పాలన్న భారం పెరిగింది. తెలివైన భవనం ఏదైనా ఇనుము మీది నమ్మకాన్ని తగ్గించి కొలత మీద నమ్మకాన్ని పెంచుతుంది. కాబట్టి మరమ్మతు డబ్బులో ఇనుముకు ఎంత, కొలతకు ఎంత అన్న వాటా కూడా మారాలి. మారిన చోట్లు నేను చాలా తక్కువ చూశాను.

ఇంతసేపూ అనుకుందాం అంటూ అంకెలు వేశాను. అసలు అంకెలు ఎక్కడి నుంచి రావాలి? రాసి పెట్టుకుంటే వస్తాయి. ఎన్ని రాస్తే ఎంత నిజం తెలుస్తుందన్న ప్రశ్నకు జవాబు మన తెలుగువాడు ఇచ్చాడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్‌లో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు, 25 ఏళ్లు నిండుతున్న వయసులో, 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో ఒక వ్యాసం రాశాడు. చేతిలో ఉన్న నమూనాల నుంచి ఒకవైపుకు మొగ్గకుండా ఎంత తెలివిగా అంచనా కట్టినా పొరపాటు ఒక హద్దుకంటే కిందికి దిగదని అందులో నిరూపించాడు. క్రామర్-రావు హద్దు అని ప్రపంచమంతా పిలిచేది దాన్నే. వయసుతో సంబంధం లేకుండా ఎప్పుడు పడితే అప్పుడు పాడయ్యే పరికరానికి ఆ హద్దు ఇలా దిగుతుంది: నాలుగు వైఫల్యాలు నమోదు చేస్తే సగటు ఆయుష్షు అంచనాలో నూటికి 50 పాళ్ల ఊగిసలాట తప్పదు. వంద నమోదు చేస్తే 10కి దిగుతుంది. ఎంత గొప్ప కంప్యూటరైనా నాలుగు వరుసల పుస్తకం నుంచి ఇంతకంటే పిండలేదు. 2023 ఆగస్టులో 102 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశాడు. అదే ఏడాది ఆయనకు అంతర్జాతీయ గణాంక పురస్కారం దక్కింది.

ఆ ఆదివారం సాయంత్రమే కిరాణా కొట్టులో ఒక పొడుగు నోటుపుస్తకం కొని మీటరు గదిలో మేకుకు తగిలించాం. ఐదు గడులు గీశాం: ఏది పాడైంది, ఏ రోజు పాడైంది, ఎప్పుడు తెలిసింది, ఎప్పుడు బాగైంది, ఎందుకు పాడైంది. రెండో గడికీ మూడో గడికీ మధ్య తేడాయే దాగిన కాలం. మూడోదానికీ నాలుగోదానికీ మధ్య తేడాయే మరమ్మతు కాలం. మొదటి వరుస వాచ్‌మన్ చెప్పాడు, నేను రాశాను. ఏ రోజు పాడైందో తెలియక ఆ గడి ఖాళీగా వదిలాం.

ఇప్పటికి ఆ పుస్తకంలో పదకొండు వరుసలున్నాయి. రావుగారి హద్దు ప్రకారం మా అంచనాకు ఇంకా నూటికి 30 పాళ్ల ఊగిసలాట ఉంది. మనలాంటి సామాను, మనలాంటి నీళ్లు, మనలాంటి ఎండ ఉన్న నాలుగు బిల్డింగులు ఇలాంటి పుస్తకాలు పెట్టి కలుపుకుంటే అది 15కు దిగుతుంది. హుజూర్‌నగర్‌లోనో కోదాడలోనో మిర్యాలగూడలోనో మీ బిల్డింగుకు ఇలాంటి ఏర్పాటు ఉంటే ఈ రోజే ఒక పుస్తకం తగిలించండి. రాసే ముందు ఒకసారి మేడ మీదికి పోయి ట్యాంకు మూత తీసి, కడ్డీలు బయటికి లాగి చూడండి.